రెడీమేడ్ ఇంట్లో రెండు మాడ్యూళ్లు (గదుల్లాంటి పెట్టెలు) కలిసే చోట వాన నీళ్లు కారుతున్నాయి, ఏం చేయాలి?

మొయినాబాద్ దగ్గర మా పొలంలో, ఫ్యాక్టరీలో తయారైన రెండు మాడ్యూళ్లను క్రేన్‌తో దించి, పక్కపక్కన బోల్టులతో బిగించి ఇల్లు వేయించాం. ఒక్కోటి 20 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు. 50 ఎంఎం పఫ్ ప్యానెళ్లు, అంటే రెండు రేకుల మధ్య ఫోమ్ నింపిన పలకలు.

వాన మొదలైన పావుగంటకు సరిగ్గా జాయింట్ దగ్గరే సీలింగ్ నుంచి నీళ్లు కారుతున్నాయి. అమ్మ మంచం అక్కడే, అందుకే టెన్షన్. సిలికాన్ రెండుసార్లు పెట్టించాను, ఎండలకు రేకు సాగి ఊడిపోయింది. తారు టేప్ వేస్తే నెల ఆగింది, అంతే. మొన్న లెవల్ పైపుతో చూస్తే ఒక మాడ్యూల్ మూల 8 ఎంఎం కిందికి దిగింది. ఎక్కువ కారేది అక్కడే. కంపెనీ వాళ్లు మాత్రం మళ్లీ సిలికానే అంటున్నారు.

జాకీతో లేపి లెవల్ చేయించకుండా, జాయింట్ మీద రేకు క్యాపింగ్ (సందును పైనుంచి కప్పే రేకు) ఒక్కటే వేయిస్తే లీకేజీ ఆగుతుందా?