బుధుడికి లేని చందమామలు ప్లూటోకి ఐదెలా వచ్చాయి?

కొర్లగుంట అమ్మ (తిరుపతి)

అందరికీ నమస్కారం. మా పాప తొమ్మిదో తరగతి. వచ్చే నెల వాళ్ల స్కూల్లో సైన్స్ ఎగ్జిబిషన్ ఉంది. ఎనిమిది గ్రహాల మోడల్ అందరూ చేసేదే కాబట్టి తను నెప్ట్యూన్ అవతల ఉండే మరుగుజ్జు గ్రహాల మీద చేస్తానని పట్టుబట్టింది. నాకూ బాగా నచ్చింది, అలిపిరి వైపు రీజనల్ సైన్స్ సెంటర్‌కి కూడా తీసుకెళ్లాను. అక్కడి నుంచి వచ్చాక ప్రశ్నలు మొదలుపెట్టింది. ప్లూటోని గ్రహాల లిస్టులోంచి తీసేశారు కదా, మరి దానికి ఐదు ఉపగ్రహాలున్నాయట, దానికన్నా చాలా పెద్దవైన బుధుడికీ శుక్రుడికీ ఒక్కటి కూడా లేదు, ఉపగ్రహాలున్నదాన్ని గ్రహం కాదనడం ఏం న్యాయం అంటోంది. ఇంకొకటి, అంత దూరంలో ప్లూటోయే చిన్న చుక్కలా కనిపిస్తుంటే దాని చుట్టూ తిరిగేవాటిని ఎలా కనిపెట్టారు అని. నేను చదివింది కామర్స్. జడ్జీలు ఇవే అడుగుతారేమోనని తనకి టెన్షన్. తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి, మోడల్ ఎలా చేస్తే బాగుంటుందో కూడా చెప్పండి.

చిత్తూరు ఫిజిక్స్ సారు

మంచి ప్రశ్నమ్మా. ముందు మొదటిది చూద్దాం. 2006 ఆగస్టు 24న ప్రాగ్ నగరంలో అంతర్జాతీయ ఖగోళ సమాఖ్య గ్రహానికి మూడు షరతులు పెట్టింది. సూర్యుడి చుట్టూ తిరగాలి, తన గురుత్వాకర్షణకి తానే గుండ్రంగా మారేంత ద్రవ్యరాశి ఉండాలి, తన కక్ష్య చుట్టుపక్కల తనదే పెత్తనం కావాలి. ప్లూటో మొదటి రెండూ దాటింది, మూడో దగ్గర ఆగిపోయి మరుగుజ్జు గ్రహమైంది, ఎందుకంటే నెప్ట్యూన్ అవతలి కైపర్ బెల్ట్‌లో దాని చుట్టూ అలాంటి మంచు గోళాలు బోలెడున్నాయి. ఈ మూడింటిలో ఉపగ్రహాల ఊసే లేదు, గమనించమనండి. ఉపగ్రహం ఉంటే గ్రహం అనే లెక్కయితే ఐడా అనే గ్రహశకలాన్ని కూడా గ్రహం అనాలి. అది పొడవు 60 కి.మీ. కూడా నిండని రాయి, దాని చుట్టూ డాక్టిల్ అనే ఒకటిన్నర కిలోమీటర్ల బుల్లి ఉపగ్రహం తిరుగుతోంది, 1993లో గెలీలియో నౌక పక్కనుంచి వెళ్తూ ఫొటో తీసింది.

ఇక బుధుడి సంగతి. ప్లూటో ద్రవ్యరాశి బుధుడి ద్రవ్యరాశిలో 25వ వంతు. అయినా ఉపగ్రహాన్ని పట్టి ఉంచే విషయంలో ప్లూటోదే పైచేయి, ఎందుకంటే బుధుడి పక్కనే సూర్యుడున్నాడు. బుధుడికి రెండు లక్షల కి.మీ. అవతల ఏదైనా తిరగబోతే సూర్యుడు లాగేసుకుంటాడు. ప్లూటో దగ్గరికి వచ్చేసరికి సూర్యుడి లాగుడు బాగా తగ్గిపోతుంది, కాబట్టి 60 లక్షల కి.మీ. దాకా దాని పట్టు నిలుస్తుంది. శుక్రుడిది ఇంకో ఇబ్బంది. తన చుట్టూ తాను ఒక్కసారి తిరగడానికి 243 రోజులు తీసుకుంటాడు, అదీ వెనక్కి. అలాంటి గ్రహానికి చంద్రుడున్నా ఆటుపోట్ల బలం వల్ల మెల్లమెల్లగా కిందికి జారి గ్రహం మీదే పడిపోతాడు.

పుట్టుక విషయానికొస్తే, ప్లూటో పెద్ద ఉపగ్రహం చారన్ చాలాకాలం కిందట జరిగిన ఢీ నుంచి వచ్చిందని శాస్త్రవేత్తలు ఎక్కువమంది ఒప్పుకుంటారు. మన చందమామ కథ కూడా అదే.

పాకాల నైట్‌స్కై

రెండో ప్రశ్నకి నేను చెప్తానక్కా, నాకు ఇందులో అన్నిటికన్నా ఇష్టమైన ముక్క ఇదే. 1978 జూన్‌లో అమెరికా నావల్ అబ్జర్వేటరీలో జేమ్స్ క్రిస్టీ అనే ఆయన ప్లూటో కక్ష్యని ఇంకాస్త కచ్చితంగా తేల్చడానికి ఫొటో ప్లేట్లు కొలుస్తున్నాడు. కొన్ని ప్లేట్లలో ప్లూటో చుక్కకి ఒక పక్కన బొడిపెలాగా ఉంది. టెలిస్కోప్ కదిలి చుక్క సాగిపోయిందనుకుందాం, అప్పుడు అదే ప్లేట్‌లో ఉన్న నక్షత్రాలు కూడా సాగాలి కదా, అవేమో శుభ్రంగా గుండ్రంగానే ఉన్నాయి. పాత ప్లేట్లు బయటికి తీసి చూస్తే బొడిపె ఒకదాంట్లో పైన, ఇంకోదాంట్లో కింద. మళ్లీ అదే చోటికి రావడానికి 6.39 రోజులు పడుతోంది, ప్లూటో వెలుగు పెరిగి తగ్గే కాలం కూడా సరిగ్గా అంతేనని అప్పటికే తెలుసు. అంటే అక్కడ రెండోది ఒకటి తిరుగుతోంది. అదే చారన్. అదృష్టం ఏమిటంటే 1985 నుంచి 1990 వరకు ఆ రెండూ భూమి నుంచి చూస్తే ఒకదానికొకటి అడ్డం వచ్చాయి, ప్లూటో 248 ఏళ్లకోసారి సూర్యుడి చుట్టూ తిరిగే కాలంలో అలాంటి అవకాశం రెండుసార్లే వస్తుంది. వెలుగు ఎంత తగ్గింది, ఎంతసేపు తగ్గింది అని చూసి రెండింటి సైజులూ లెక్కగట్టారు. మిగతా నాలుగూ హబుల్ టెలిస్కోప్ చలవ: నిక్స్, హైడ్రా 2005లో, కెర్బెరోస్ 2011లో, స్టిక్స్ 2012లో దొరికాయి.

కానీ పాప జడ్జీలకి చెప్పాల్సిన అసలు విషయం వేరే ఉంది. ఉపగ్రహం దొరికితేనే అక్కడి గోళం ఎంత బరువో తెలుస్తుంది. ఒక్క చుక్కని చూసి బరువు చెప్పలేం, దాని చుట్టూ ఏదైనా తిరుగుతుంటే మాత్రం ఎంత దూరంలో, ఎన్ని రోజులకి తిరుగుతుందో చూసి తూకం వేసేయొచ్చు. 1930లో ప్లూటో దొరికిన కొత్తల్లో అది దాదాపు భూమంత బరువుంటుందనుకున్నారు. ఆ అంచనా ఏళ్ల తరబడి తగ్గుతూ వచ్చింది, చారన్ దొరికాక తేలిపోయింది.

ఈ లెక్క పాపే చేయగలదు, కాలిక్యులేటర్ చాలు. రెండింటి మధ్య దూరం 19,596 కి.మీ., అంటే 1,95,96,000 మీటర్లు. ఒక చుట్టుకి 6.387 రోజులు, అంటే సుమారు 5,51,800 సెకన్లు. దూరాన్ని ఘనం చేసి 39.48తో గుణించాలి (అది 4 పై స్క్వేర్). సెకన్లని వర్గం చేసి గురుత్వ స్థిరాంకం 6.674 × 10⁻¹¹తో గుణించాలి. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే సుమారు 1.46 × 10²² కిలోలు వస్తుంది. ప్లూటో, చారన్ రెండూ కలిపి అంతే, మన చందమామలో ఐదో వంతు. ఇంటర్ ఫస్ట్ ఇయర్ గురుత్వాకర్షణ పాఠంలో ఉండే సూత్రమే ఇది. చార్టు మీద అంకెలు అతికించడం కన్నా జడ్జీల ముందు కూర్చుని ఈ లెక్క చేసి చూపించమనండి.

కాళహస్తి టెలిస్కోప్

సారు చెప్పినవి ఒప్పుకుంటాను గానీ చారన్‌ని ఉపగ్రహం అనడం నాకు ఎప్పుడూ మింగుడుపడదు. దాని వ్యాసం 1,212 కి.మీ., ప్లూటోది 2,377. సగానికి పైనే. మన చందమామ ద్రవ్యరాశి భూమిలో 81వ వంతు, చారన్ మాత్రం ప్లూటోలో ఎనిమిదో వంతు. అందుకే చారన్ ప్లూటో చుట్టూ తిరగడం లేదు, రెండూ మధ్యలో ఖాళీగా ఉన్న ఒక బిందువు చుట్టూ తిరుగుతున్నాయి, చేతులు పట్టుకుని ఒప్పులకుప్ప తిరిగే ఇద్దరు పిల్లల్లాగ, ఒకళ్లు కాస్త బరువు, ఒకళ్లు తేలిక. ఎప్పుడూ ఒకదాని ముఖం ఒకదానికే చూపించుకుంటూ ఉంటాయి. ప్లూటో మీద ఒక వైపు నిలబడితే చారన్ ఆకాశంలో కదలకుండా ఒకేచోట ఉంటుంది, రెండో వైపు ఉన్నవాళ్లకి అసలు కనపడనే కనపడదు. జంట మరుగుజ్జు గ్రహం అనాలి దీన్ని. 2006లో మొదట పెట్టిన ముసాయిదాలో చారన్‌ని కూడా గ్రహంగానే లెక్కేశారు, అది నెగ్గలేదు.

చిత్తూరు ఫిజిక్స్ సారు

మీ వాదనలో బలం ఉంది బాబూ. కానీ పాప ఎగ్జిబిషన్‌లో మాత్రం అధికారికంగా చారన్ ఉపగ్రహమే అని రాసి, కింద ఈ బిందువు సంగతి చెప్తే మంచిది. జడ్జీ దగ్గర పాత పుస్తకమే ఉండొచ్చు, మార్కులు పోకూడదు.

పాకాల నైట్‌స్కై

ఆ బిందువునే మోడల్‌గా చేసేయొచ్చు! బంకమట్టితో 12 సెం.మీ. ముద్ద ఒకటి, 6 సెం.మీ. ముద్ద ఒకటి, రెండూ ఒకే మట్టితో చేయండి. వ్యాసం సగం అయితే బరువు ఎనిమిదో వంతు అవుతుంది, నిజంగా ప్లూటో, చారన్‌ల మధ్య ఉన్న తేడా కూడా దాదాపు అంతే కాబట్టి విడిగా తూచాల్సిన పని లేదు. సన్నటి తేలికైన కర్రకి రెండు చివర్లా గుచ్చండి, రెండింటి కేంద్రాల మధ్య 98 సెం.మీ. ఉండాలి (1 సెం.మీ.కి 200 కి.మీ. అన్నమాట). దారం కట్టి ఎక్కడ సమంగా నిలుస్తుందో వెతికితే పెద్ద ముద్ద కేంద్రం నుంచి 11 సెం.మీ. దగ్గర వస్తుంది, ముద్ద అంచు ఆరు దగ్గరే అయిపోతుంది కదా, ఆ బిందువు బయట గాల్లో ఉంటుంది. చెప్పకుండానే అర్థమవుతుంది. కర్ర బరువైతే మాత్రం బిందువు చారన్ వైపు జరుగుతుంది, చూసుకోండి. ఆరాక మట్టి పగలొచ్చు, రెండు మూడు రోజుల ముందే చేసి నీడలో ఆరబెట్టండి.

ఇదే కొలతలో నిక్స్, హైడ్రా ఆవగింజలు, కెర్బెరోస్, స్టిక్స్ గసగసాలు. వాటిని రెండు మీటర్ల నుంచి మూడుంబావు మీటర్ల దాకా దూరంలో పెట్టాలి, టేబుల్ సరిపోదు, నేల మీద సుద్దతో గీసుకోండి. రంగులేసేటప్పుడు ప్లూటో మీద తెల్లటి గుండె ఆకారం చారన్‌కి ఎదురుగా కాకుండా అవతలి వైపు వేయాలి. చారన్ ఉత్తర ధ్రువానికి ఎర్రమట్టి రంగు పూయండి. ప్లూటో నుంచి తప్పించుకున్న మీథేన్ ఆ చల్లటి ధ్రువం మీద చేరి, సూర్యకాంతికి మారి అలా ఎర్రబడిందని 2015 జూలై 14న న్యూ హొరైజన్స్ నౌక పక్కనుంచి వెళ్లినప్పుడు తీసిన ఫొటోలను బట్టి అంటున్నారు.

కొర్లగుంట అమ్మ (తిరుపతి)

చాలా థాంక్స్ అండీ. పాప ఆ లెక్క చేసింది, 1.46 వచ్చింది, ఇల్లంతా తిరిగి చెప్తోంది. మట్టి రేపు తెస్తాం. ఇంకో రెండు విషయాలు. మిగతా మరుగుజ్జు గ్రహాలకి కూడా ఉపగ్రహాలున్నాయా? ప్లూటోని మన ఊరి నుంచి చూడగలమా?

చిత్తూరు ఫిజిక్స్ సారు

ఉన్నాయమ్మా. సమాఖ్య గుర్తించిన ఐదింటిలో ప్లూటో, ఎరిస్, హౌమియా, మకేమకే నెప్ట్యూన్ అవతలివి, నాలుగింటికీ ఉన్నాయి. కుజుడికీ గురుడికీ మధ్య ఉండే సెరెస్‌కి మాత్రం లేదు. 2015లో డాన్ నౌక వెళ్లి దాని చుట్టూ తిరిగింది, కాబట్టి తూకానికి ఉపగ్రహం లేని లోటు తీరింది.

ఎరిస్ గురించి తప్పకుండా చెప్పమనండి. ప్లూటో హోదా పోవడానికి కారణం అదే. 2005లో మైక్ బ్రౌన్ బృందం దాన్ని కనిపెట్టాక, అదే ఏడు దాని ఉపగ్రహం డిస్నోమియా కూడా దొరికింది. అది చుట్టు తిరగడానికి పట్టే 16 రోజుల లెక్కతో తూచి చూస్తే ఎరిస్ ప్లూటో కన్నా 27 శాతం ఎక్కువ బరువు తేలింది. వ్యాసం మాత్రం 2,326 కి.మీ., ప్లూటో కన్నా కాస్త తక్కువ. చిన్నగా ఉండి బరువెక్కువ అంటే లోపల మంచు తక్కువ, రాయి ఎక్కువ. చూశారా, ఉపగ్రహం ఒక్కటి దొరికితే గోళం లోపల ఏముందో కూడా చెప్పగలుగుతున్నాం. హౌమియా ఇంకో వింత, నాలుగు గంటల లోపే తన చుట్టూ తాను తిరిగేస్తుంది, ఆ వేగానికి కోడిగుడ్డు ఆకారంలోకి సాగిపోయింది. హియాకా, నమాకా అని రెండు ఉపగ్రహాలు, 2017లో ఒక వలయం కూడా బయటపడింది. ఈ ఐదింటిలో లేని సెడ్నా అనే ఇంకో దూరపు గోళానికి ఇంతవరకు ఉపగ్రహమేదీ దొరకలేదు, అందుకే దాని బరువు చెప్పలేకపోతున్నారు.

కాళహస్తి టెలిస్కోప్

చూడటం గురించి నేను చెప్తాను. మామూలు కళ్లకి ఆరో ప్రకాశ తరగతి దాకా కనిపిస్తాయి (అంకె పెరిగేకొద్దీ వెలుగు తక్కువ), ప్లూటో 14 దాటింది. తిరుపతిలో వీధి దీపాలు, కొండ మీది దీపాల మధ్య కుదరదు. పది పన్నెండు అంగుళాల టెలిస్కోప్ పట్టుకుని హార్స్లీ హిల్స్ లాంటి చీకటి చోటికి వెళ్తే దొరుకుతుంది, అదీ ఒక చుక్కలాగే. ఒక మేలు ఏమిటంటే ప్లూటో ఇప్పుడు మకర రాశిలో దక్షిణంగా ఉంది, మన దగ్గర ఢిల్లీ వాళ్లకన్నా చాలా పైకి వస్తుంది. ఇబ్బంది ఏమిటంటే బాగా కనిపించే జూలై, ఆగస్టుల్లోనే మబ్బులు. చారన్‌ని విడిగా చూడటం మాత్రం మన టెలిస్కోపులకి అసాధ్యం, రెండింటి మధ్య ఎడం ఒక ఆర్క్ సెకను (డిగ్రీలో 3600వ వంతు) కూడా ఉండదు. మన దేశంలో పెద్ద టెలిస్కోపులతో జరిగిన పని ఒకటి చెప్తాను, చార్టులో రాయించండి. 2020 జూన్ 6న ప్లూటో ఒక నక్షత్రానికి అడ్డం వచ్చినప్పుడు ఉత్తరాఖండ్‌లోని దేవస్థల్ నుంచి 3.6 మీటర్లు, 1.3 మీటర్ల టెలిస్కోపులతో చూసి, నక్షత్రం వెలుగు తగ్గిన తీరునిబట్టి ప్లూటో వాతావరణ పీడనం కొలిచారు.

పాపకి నిజంగా ఆసక్తి ఉంటే మబ్బులేని రాత్రి చూసుకుని టెలిస్కోప్‌కి కెమెరా తగిలించి ఒకే చోటు ఫొటో తీయండి, నాలుగైదు రోజుల తర్వాత మళ్లీ అదే చోటు తీయండి. రెండూ పక్కపక్కన పెడితే జరిగిన చుక్క ప్లూటో. 1930లో క్లైడ్ టాంబా జనవరి 23న, 29న తీసిన ప్లేట్లు పోల్చి దాన్ని కనిపెట్టింది అలాగే. నా దగ్గర పది అంగుళాల డాబ్సోనియన్ టెలిస్కోప్ ఉంది, హార్స్లీకి వెళ్లేటప్పుడు ఇక్కడే మెసేజ్ పెడతాను, మీ ఇంటివాళ్లందరూ రండి.