సమస్యాపూరణం: “మకుటమును దీసి వైచిన మహిమ గలుగు”

నిర్వాహకుడు, హన్మకొండ:
ఈ వారం ఇచ్చిన చివరి పాదం తేటగీతి ఛందస్సులో ఉంది, ముందు మూడు పాదాలు మీరు అల్లాలి. కిరీటం తీసేస్తే మహిమ పోవాలి గానీ రావడమేంటి? అదే ఇందులో ముడి. విశ్వాసులకు దొరికే కిరీటాలు, వాళ్ల పనులకు తగ్గ ఫలం తేల్చే క్రీస్తు న్యాయపీఠం (బైబిల్లో 2 కొరింథీ 5:10) ఇతివృత్తంగా పూరించండి. భాగవతాన్ని రాజులకు ఇవ్వనని దేవుడికే అంకితమిచ్చిన పోతన ఊరు బమ్మెర మనకు పక్కనే. ఈ భావం మనకు కొత్తేమీ కాదు.

కాజీపేట నుంచి:
పరమ సింహాసనము చెంతఁ బ్రణతు లిడుచు
పెద్ద లిరువది నలుగురు ప్రేమతోడ
తమకు దక్కిన కానుక దాత కొసఁగి
మకుటమును దీసి వైచిన మహిమ గలుగు

నిర్వాహకుడు:
ప్రకటన గ్రంథం 4:10 పట్టుకున్నారు, చాలా సంతోషం. రెండో పాదం నడక నాకు బాగా నచ్చింది. అయితే మహిమ ఎవరికన్నది తేలలేదమ్మా. అక్కడ పెద్దలు కిరీటాలు వేసి, మహిమ పొందడానికి అర్హుడవు నీవేనని ఆయననే కొనియాడతారు.

కాజీపేట నుంచి:
‘దాత’ అన్నప్పుడే అది వచ్చేసిందనుకున్నాను సారు. ఒప్పుకుంటున్నాను, ఇంకొంచెం విప్పాల్సింది.

హుజూరాబాద్ నుంచి:
దప్పి గొన్నట్టి వారికి దయను నీళ్లు
గిన్నె డిచ్చియు నించుక కీర్తిఁ గోర
కుండ, గర్వమ్ము మనమునఁ గూర్చునట్టి
మకుటమును దీసి వైచిన మహిమ గలుగు

గిన్నెడు చన్నీళ్లిచ్చినవాడు తన ఫలం పోగొట్టుకోడని మత్తయి 10:42. మా వీధి చివర ఎండాకాలం చలివేంద్రం పెడతారు. పొద్దున్నే ఒక ముసలమ్మ వచ్చి కుండలు కడిగి, నీళ్లు పోసి, తడిబట్ట చుట్టి వెళ్తుంది. ఫ్లెక్సీ మీద ఆమె పేరుండదు. ఆమెను తలచుకునే రాశాను.

నిర్వాహకుడు:
‘గోర|కుండ’ అని పదం విరిచి పాదం దాటించడం తేటగీతికి అందమే. కుండ ముచ్చట చదివాక ఆ విరుపు ఇంకా బాగుంది అన్నా.

నర్సంపేట నుంచి:
క్రీస్తు పీఠంబు ముందర నిలుచు వేళ
కర్ర, గడ్డియుఁ, గొయ్యకాల్ కాలునపుడు
నిలుచు బంగార మదియును నీదె యనుచు
మకుటమును దీసి వైచిన మహిమ గలుగు

నిర్వాహకుడు:
ఈ వారం నా మనసుకు పట్టింది ఇదే. మొదటి పాదంలో యతి తప్పింది: పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరం కలవాలి, ‘క్రీ’కి ‘ని’ చెల్లదు. భావం మాత్రం 1 కొరింథీ 3:12-15కి అచ్చంగా సరిపోయింది. అగ్ని పరీక్షించేది పనిని. కర్ర, గడ్డిలాంటి పని కాలిపోతే నష్టమే, అయినా మనిషి రక్షింపబడతాడు, అగ్నిలోంచి తప్పించుకున్నట్టు. రక్షణ కృపవల్లే (ఎఫెసీ 2:8), బహుమానం పనిని బట్టి. ఈ రెండూ కలిపేసుకుని, తీర్పు అనగానే టెన్షన్ పడేవాళ్లు మన సంఘాల్లో ఎంతమందో!

నర్సంపేట నుంచి:
వరి కోతలయ్యాక మా మడిలో కొయ్యకాళ్లకు నిప్పు పెట్టారు సారు. గడియలో నేలంతా నల్లబడ్డది. గట్టు మీది హద్దురాయి మాత్రం మసి పట్టి అట్లనే ఉంది. దాన్ని చూసినప్పుడే రెండో పాదం వచ్చింది. యతి సవరించాను:

క్రీస్తు పీఠంబు ముందర కేలు మోడ్చి

నిర్వాహకుడు:
ఇప్పుడు కుదిరింది తమ్మీ. చేతులు జోడించాడు కాబట్టి ‘నీదె’ అన్న మాటకూ బలం వచ్చింది.