గోదాములోకి బ్యాటరీ ఫోర్క్‌లిఫ్టా, డీజిల్ ఫోర్క్‌లిఫ్టా?

మేడ్చల్ గోదాము: బస్తాలెత్తి మోసే మా పాత డీజిల్ ఫోర్క్‌లిఫ్టును మార్చవలసి ఉంది. లోపల బియ్యం, పప్పుల బస్తాలు. బయట కంకర యార్డు, వానాకాలంలో బురద. బ్యాటరీ బండి తీసుకోవచ్చునా?

పాత మెకానిక్: వద్దండి. 48 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీలో 24 సెల్లులుంటాయి. ప్రతి సెల్లులోనూ డిస్టిల్డ్ వాటర్ మట్టం చూడాలి, అది కూడా చార్జింగ్ పూర్తయ్యాకే పోయాలి, లేకపోతే యాసిడ్ పొంగి పైకి వస్తుంది. నేను పనిచేసిన చోట ఎవరూ మూత తీసి చూడలేదు, నీళ్లు తగ్గి లోపలి ప్లేట్లు బయటపడి బ్యాటరీ పోయింది, మాట మాత్రం నాకు పడింది.

స్టీరింగ్ నాది: నీళ్ల సంగతి తరువాత. డీజిల్ పొగ క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన పరిశోధన విభాగం 2012లోనే తేల్చింది. షట్టర్లు దించిన గోదాములో ఆ పొగను రోజంతా పీల్చేది నేనే. బస్తాలకు కూడా ఆ వాసన పడుతుంది.

పాత మెకానిక్: షట్టర్లు ఎత్తండి. నీళ్లు ఎవరు పోస్తారో చెప్పండి.

మేడ్చల్ గోదాము: లిథియం బ్యాటరీకి నీళ్లే అక్కరలేదు, భోజన విరామంలో కొంత చార్జింగ్ పెట్టుకోవచ్చు అంటున్నారు.

యార్డు బాబాయి: లెడ్ బ్యాటరీ బరువే వెనుక ఎదురుబరువుగా పనిచేస్తుంది. పాత బ్యాటరీ బండిలో తేలికైన లిథియం పెడితే ఆ లోటుకు ఇనుము చేర్చాలి, లేకపోతే బరువెత్తినప్పుడు బండి ముందుకు ఒరుగుతుంది.

స్టీరింగ్ నాది: విరామంలో చార్జింగ్ అన్నారు కదా, మరి చార్జింగ్ చాలక బండి ఆగిన గంటకు మాకు కూలి ఉంటుందా? డ్రైవర్లమైన మాకు ప్యాలెట్ల (సరుకు పేర్చే పలకల) లెక్కన ఇస్తారు. బ్యాటరీలో చార్జింగ్ పూర్తిగా అయిపోయేదాకా నడిపేది అందుకే; 20 శాతం మిగిలినప్పుడే ఆపమంటే ఆపేవారెవరు?

పాత మెకానిక్: ఇదే నేను మొదటి నుంచీ అంటున్నది.

స్టీరింగ్ నాది: మీరన్నది నీళ్ల గురించి, నేనంటున్నది డబ్బుల గురించి. పొగ మాకు, డీజిల్ ఖర్చు యజమానులకు. ఇప్పుడు ఆ ఖర్చు తగ్గించుకొని, ఆగిన గంట కూడా మా మీదే వేస్తారా?

మేడ్చల్ గోదాము: కూలి లెక్క ఇక్కడ అప్రస్తుతం. కంకర యార్డుకు డీజిల్ బండి ఎలాగూ ఉంటుంది, లోపలికి మాత్రమే బ్యాటరీ బండి అనుకుంటున్నాను. లిథియం ధర తెలిసినవారు చెప్పగలరు.

యార్డు బాబాయి: ధర డీలరును అడగండి. ఆ గంట సంగతి మాత్రం బండి రాకముందే మీ డ్రైవర్లతో తేల్చుకోండి.