బొమ్మ చేయి ఊడిపోకుండా ఎలా కుట్టాలి? మూడు కానుకలకు సలహా కావాలి

దూదిపింజ:

అందరికీ నమస్కారం. రాబోయే ఆరు వారాల్లో మూడు కానుకలు సొంతంగా కుట్టి ఇవ్వాలనుకుంటున్నాను. పది నెలల మేనకోడలికి ఒక గుడ్డబొమ్మ, వీలైతే ఒక అతుకుల దుప్పటి. ఎప్పుడూ రంగులు వేస్తూ కూర్చునే ఆరేళ్ల మేనల్లుడికి పెన్సిళ్లు పెట్టుకునే సంచి. పుస్తకం చేతిలో లేకుండా కనిపించని స్నేహితురాలికి ఒక పుస్తకపు తొడుగు. మిషను మీద తిన్నగా కుట్టగలను గానీ వంపుల దగ్గర చెయ్యి తడబడుతుంది.

కిందటి ఏడాది ఒక పాపకు కుట్టిచ్చిన బొమ్మ చూడటానికి ముద్దుగానే ఉండేది. రెండు వారాలకే దాని చేయి ఊడింది. ఒకసారి ఉతికేసరికి లోపలి దూది గడ్డకట్టి పొట్ట ఒక పక్కకు జారింది. అంతకన్నా భయపెట్టిన సంగతి ఏమిటంటే, కన్నుగా కుట్టిన గుండీ దారానికి వేలాడుతుంటే వాళ్లమ్మ సమయానికి చూసి తీసేశారట. ఈసారి ఆ పొరపాట్లు జరగకుండా ఏం చేయాలో చెప్పగలరా?

గుండుసూది:

దూదిపింజ గారూ, ముందుగా గుండీల సంగతి. మూడేళ్ల లోపు పిల్లల బొమ్మలకు గుండీ, పూస, చమ్కీ వంటివేవీ వద్దు. ఈ వయసు పిల్లల బొమ్మలను పరీక్షించడానికి 31.7 మి.మీ. వ్యాసం గల చిన్న గొట్టాన్ని వాడతారు; ఊడివచ్చిన ముక్క అందులో పూర్తిగా పట్టిందంటే అది గొంతుకు అడ్డుపడే ప్రమాదం ఉన్నట్టే లెక్క. చొక్కా గుండీ సుమారు 11 మి.మీ. మాత్రమే ఉంటుంది కనుక, ఎంత గట్టిగా కుట్టామన్న ప్రశ్నే అక్కడ రాకూడదు. కళ్లూ నోరూ దారంతోనే గొలుసుకుట్టుతో కుట్టండి. అదీ బొమ్మను జోడించక ముందు, బట్ట ఇంకా బల్లపరుపుగా ఉన్నప్పుడే పూర్తి చేస్తే ముళ్లన్నీ లోపలి వైపే ఉండిపోతాయి.

మీ బొమ్మ చేయి ఎందుకు ఊడిందో ఊహించగలను: ఒళ్లు మొత్తం తయారయ్యాక చేతులను బయటి నుంచి అతికించి ఉంటారు. అలా కాకుండా, ముందుగా చేతులను కుట్టి, తిరగేసి, దూది నింపి, ఒళ్లు తాలూకు రెండు బట్టల మధ్య లోపలికి ముడిచిపెట్టి పక్క కుట్టుతో కలిపి కుట్టేయాలి. అప్పుడు పిల్ల చేయి పట్టుకుని లాగినా ఆ బలమంతా పక్క కుట్టు మొత్తం మీద పడుతుంది. అంచు నుంచి 1 సెం.మీ. వదిలి, కుట్టు పొడవు 2 మి.మీ.కి తగ్గించి, అదే గీత మీద రెండోసారి కూడా పోనివ్వండి. కుట్టు చిన్నదైతే వంపు కూడా నున్నగా తిరుగుతుంది. తడబాటు వచ్చిన చోట సూదిని బట్టలోనే దించి ఉంచి, బట్టను నొక్కిపట్టే మిషను పాదాన్ని ఎత్తి, బట్టను కొద్దిగా తిప్పి మళ్లీ సాగండి. మెడ వంటి లోపలి వంపుల దగ్గర, కుట్టుకు 2 మి.మీ. దూరం వరకు కత్తెరతో గాట్లు పెట్టకపోతే తిరగేశాక ముడతలు తప్పవు.

నింపడానికి మామూలు దూది కన్నా పాలిస్టర్ పీచు మేలు. దూది నీరు పీల్చుకుని ముద్ద కడుతుంది, ఆరడానికీ చాలా సమయం తీసుకుంటుంది. పీచును కొద్దికొద్దిగా తీసుకుని, మెడలోకి గట్టిగా నింపండి. తల వాలిపోయే బొమ్మలన్నిటికీ జబ్బు అక్కడే. చివరగా, పని మొదలుపెట్టేటప్పుడు ఎన్ని గుండుసూదులు తీశారో పూర్తయ్యాక అన్నీ లెక్కకు రావాలి. నా పేరు చూసి నవ్వకండి, ఈ అలవాటు వల్లనే వచ్చింది.

పాతచొక్కా:

గుండుసూది గారు చెప్పినదంతా నిజమే, దుప్పటి విషయంలో మాత్రం మిమ్మల్ని వెనక్కి లాగాలనిపిస్తోంది. లెక్క వేసి చూడండి. 10 సెం.మీ. చదరాలు కత్తిరించి 6 మి.మీ. అంచు వదిలి కుడితే ఒక్కొక్కటి 8.8 సెం.మీ.కి దిగుతుంది. దాదాపు ఒక మీటరు దుప్పటికి వరుసకు 11 చొప్పున 121 ముక్కలు కావాలి, అయినా వచ్చేది 96.8 సెం.మీ.యే. ఆ పైన పొరలు కలిపి కుట్టడం, అంచు కట్టడం. మిగతా మూడు కానుకలతో పాటు ఆరు వారాల్లో ఇది అయ్యే పని కాదని నా అనుభవం. అల్మారాలో సగంలో ఆగిన దుప్పట్లు నాకే రెండున్నాయి.

పైగా ఏడాది లోపు పిల్లలు నిద్రపోయే చోట దుప్పట్లు, మెత్తని బొమ్మలు ఉంచవద్దని అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ సూచిస్తోంది. మీరు కుట్టే బొమ్మను కూడా మెలకువగా ఉన్నప్పుడు ఆడుకోవడానికే ఇవ్వమని వాళ్లమ్మకు చెప్పండి.

పెన్సిళ్లకు సంచి కన్నా చుట్టగా చుట్టే పట్టీ కుట్టండి, రంగులన్నీ ఒక్క చూపులో కనబడతాయి. పెన్సిలుకు 2.5 సెం.మీ. గది చొప్పున పన్నెండింటికి 30 సెం.మీ., రెండు వైపులా అంచుకు చెరో సెంటీమీటరు. అన్నీ తిన్నని కుట్లే కనుక మీకు సులువు.

కొలతటేపు:

పుస్తకపు తొడుగు గురించి ఒక్క మాట. పుస్తకాన్ని తెరిచి పరిచి కొలిస్తే తొడుగు బిగుసుకుపోయి అట్ట మూతపడదు. మూసిన పుస్తకం చుట్టూ, ముందు అట్ట అంచు నుంచి వెనుక అట్ట అంచు దాకా టేపు తిప్పి కొలిచి, ఆ కొలతకు లోపలికి మడిచే భాగాలకు చెరో 6 సెం.మీ., అంచులకు చెరో సెంటీమీటరు కలపండి. ఎత్తుకు రెండున్నర సెంటీమీటర్లు కలిపితే కుట్టుకు పోగా అర సెంటీమీటరు వదులు మిగులుతుంది. నూలు బట్ట అయితే కత్తిరించక ముందే ఉతికి ఇస్త్రీ చేయండి, తర్వాత కుంచించుకుపోతే ఈ లెక్కంతా వృథా. అయితే ఒక చిక్కుంది: ఈ తొడుగు ఆ ఒక్క పుస్తకానికే సరిపోతుంది. ఆమె ఎక్కువగా చదివేవి ఒకే పరిమాణంలో ఉంటాయా?

దూదిపింజ:

ముగ్గురికీ ధన్యవాదాలు. దుప్పటి ఆలోచన మానుకున్నాను. స్నేహితురాలి పుస్తకాలు రకరకాల పరిమాణాల్లో ఉంటాయి, కాబట్టి వెనుక మడతను కుట్టకుండా వదిలేసి, అక్కడ అడ్డంగా ఒక పట్టీ పెడితే సర్దుకుంటుందా?

కొలతటేపు:

సర్దుకుంటుంది. ముందు మడతను మాత్రం కుట్టేయండి, వెనుక భాగాన్ని 15 సెం.మీ. దాకా పొడవుగా ఉంచితే అట్టను ఆ పట్టీలోంచి దూర్చి కావలసినంత మడుచుకోవచ్చు. ఎత్తు మాత్రం ఆమె దగ్గరున్న వాటిలో అన్నిటికన్నా పొడవైన పుస్తకాన్ని బట్టి తీసుకోండి.