ప్రశ్నోత్తరాల గంట ఎత్తేసి ఆ సమయం పద్దులకిస్తే పోలా?

నాంపల్లి నాగు
ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిల మీద వచ్చే తెలంగాణ అసెంబ్లీ సమావేశాల్లో ఒక ఎమ్మెల్యేతో ప్రశ్న వేయించాలని కొందరం అనుకుంటున్నాం. ముసాయిదా ఇదీ: "రాష్ట్రంలో ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిలు చెల్లించారా? లేనిచో కారణాలేమిటి? ఎప్పటిలోగా చెల్లిస్తారు?" ఇది చూసి ఒకాయన "అసలు ఆ ప్రశ్నోత్తరాల గంటే దండగ, ఎత్తేసి పద్దుల (శాఖలవారీ ఖర్చుల) చర్చలో కలిపేయాలి" అన్నాడు. నిజమేనా? తెలిసినవాళ్లు చెప్పండి.

పద్దుల పంతులు
ఆ అన్నది నేనే. ఇక్కడా అదే అంటా.

ముందు మీ ముసాయిదా సంగతి చూద్దాం. "చెల్లించారా" అని అడిగితే వచ్చే జవాబు నేనిప్పుడే రాసిస్తా. "(అ) అవునండి, దశలవారీగా చెల్లించడం జరుగుతోంది. (ఆ) ప్రశ్న ఉత్పన్నం కాదు. (ఇ) ప్రశ్న ఉత్పన్నం కాదు." మూడు ముక్కల్లో రెండు అక్కడికక్కడే పోయాయి. "లేనిచో" అని వేలాడదీసిన ప్రతి ముక్కకీ ఇదే గతి.

ప్రభుత్వ డబ్బు నాలుగు మెట్లు దిగి వస్తుంది. మొదట బడ్జెట్‌లో కేటాయింపు. తర్వాత ఆర్థిక శాఖ ఇచ్చే బీఆర్‌వో, అంటే బడ్జెట్ విడుదల ఉత్తర్వు. ఆపైన ట్రెజరీలో బిల్లు పెడితే పడే టోకెన్. చివరికి బ్యాంకులో జమ. మంత్రి "విడుదల చేశాం" అంటే రెండో మెట్టు. కాలేజీవాళ్లు "రాలేదు" అంటే నాలుగోది. ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు. మూడో మెట్టు మీద టోకెన్లు నెలల తరబడి కూర్చుని ఉంటాయి, దాని గురించి ఎవరూ అడగరు. అన్నిటికన్నా గడుసుది పీడీ ఖాతా, అంటే ట్రెజరీలోనే ఉండే పర్సనల్ డిపాజిట్ ఖాతా. అందులోకి డబ్బు మళ్లించగానే లెక్కల్లో "ఖర్చయింది" అని పడుతుంది, బయటికి పైసా కదలకపోయినా.

ఇక గంట విషయం. లోక్‌సభలో రోజుకి 20 నక్షత్ర ప్రశ్నలు, అంటే మంత్రి నోటితో జవాబు చెప్పాల్సినవి, జాబితాకెక్కుతాయి. నోటితో జవాబు వచ్చేది అయిదారింటికి. మిగతావాటికి కాగితమే. నక్షత్రం లేనివి రోజుకి 230, వాటికీ కాగితమే. సభ గొడవలో వాయిదా పడినా ఆ కాగితం వస్తుంది. మరి గంట ఎందుకు? అరుపులకా?

మైకు మల్లన్న
పంతులు సారూ, కాగితం రాసేది సెక్షన్ ఆఫీసరు, దిద్దేది సెక్రటరీ. మంత్రి సంతకం మాత్రం పెడ్తడు. ఆయనకు అండ్ల ఏమున్నదో ఎరుకలేక పోవచ్చు. జవాబు మీద అక్కడికక్కడ వేసే అనుబంధ ప్రశ్న పడ్డప్పుడే ఎరుకయితది ఎరుకున్నదా లేదా. అధికారుల గ్యాలరీల నుంచి చిట్టీలు ఎందుకు ఉరుకుతయ్ మరి? ఆ చిట్టీ అందేలోపు మంత్రి నోట్లకెళ్లి వచ్చే ముక్కనే అసలు జవాబు.

1957 యాదికి తెచ్చుకోండ్రి. ముంద్రా అనే వ్యాపారి కంపెనీల్ల ఎల్‌ఐసీ పైసలు కోటి పైన పెట్టింది. లోక్‌సభల దాన్ని పట్టుకున్నది ఫిరోజ్ గాంధీ, అధికార పార్టీ మనిషే. ఆఖరికి ఆర్థిక మంత్రి టీటీ కృష్ణమాచారి 1958ల రాజీనామా చెయ్యాల్సొచ్చింది. కాగితంతోని అయితుండెనా అది?

రూలుబుక్
చిన్న సవరణ. నోటీసు కనీసం 15 రోజుల ముందు ఇవ్వాలి (లోక్‌సభ సంగతి). అంతకన్నా తక్కువ గడువుతో అడగాలంటే స్వల్పవ్యవధి ప్రశ్న అవుతుంది, దానికి మంత్రి ఒప్పుకోవాలి. నక్షత్ర ప్రశ్నల జాబితా ఆకుపచ్చ కాగితం మీద అచ్చవుతుంది. మల్లన్న గారు "కాగితం" అని అన్నిటినీ ఒకే గాటన కడుతున్నారు.

మైకు మల్లన్న
రంగు ముచ్చట ఇప్పుడెందుకు భాయ్.

పద్దుల పంతులు
ముంద్రా ఉదాహరణ నాకే పనికొస్తుంది. నిజం తేల్చింది జస్టిస్ ఛాగ్లా కమిషన్. సాక్షులను కూర్చోబెట్టి, ఫైళ్లు తెప్పించి, బహిరంగంగా విచారించింది. రెండు అనుబంధ ప్రశ్నలతో తేలలేదు. ఫైలు తెప్పించే శక్తి సభలో నిలబడి అడిగేవాడికి లేదు, కమిటీకి ఉంది. పార్లమెంటు ప్రజా పద్దుల కమిటీలో 22 మంది, 1967 నుంచి అధ్యక్షుడు ప్రతిపక్షం మనిషి. కాగ్ (ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే సంస్థ) నివేదిక ముందు పెట్టుకుని కార్యదర్శిని ఎదురుగా కూర్చోబెట్టి అడుగుతారు. అక్కడ "ప్రశ్న ఉత్పన్నం కాదు" అనడానికి వీల్లేదు.

మైకు మల్లన్న
కమిటీ, కమిటీ! కాళేశ్వరం ప్రాజెక్టుల మేడిగడ్డ బ్యారేజీ పిల్లర్లు కుంగింది 2023 అక్టోబర్ 21. కాళేశ్వరం మీద కాగ్ రిపోర్టు సభల పెట్టింది 2024 ఫిబ్రవరి 15. ఆ తర్వాత కమిటీ, ఆ తర్వాత సిఫార్సు, ఆ తర్వాత చర్య తీసుకున్న నివేదిక. దొంగలు పోయిన ఆర్నెల్లకు కుక్కలు మొరిగినట్టు. ఇగ పీఏసీ (అదే ప్రజా పద్దుల కమిటీ) అధ్యక్షుడు ప్రతిపక్షం మనిషి అంటిరి. 2024 సెప్టెంబర్ల మన దగ్గర పార్టీ మారిండన్న ఎమ్మెల్యేకు ఆ కుర్చీ ఇచ్చిన్రని ఎంత లొల్లి అయిందో హైదరాబాదోళ్లందరికీ ఎరుకే. ఇయ్యాల ఎవరు ప్రతిపక్షమో ముందు అదే తేలాలె.

కాలనీ కన్నయ్య
మా నాలా గురించి సభలో అడిగారు. "పనులు పురోగతిలో ఉన్నాయి" అన్నారు. ఇప్పటికీ అదే పురోగతి.

పద్దుల పంతులు
కన్నయ్య గారు నా వాదనకే సాక్ష్యం ఇచ్చారు.

మైకు మల్లన్న
నీకెట్ల సాక్ష్యం అయితది? ఇగో, రెండో అనుబంధ ప్రశ్న "అంచనా ఎంత, కాంట్రాక్టు గడువు ఏ తారీఖు, ఇప్పటిదాకా బిల్లు ఎంత కట్టిన్రు" అని పడితే పురోగతి ఆడనే బయటపడుతుండె. అడిగినోడికి అడగ రాలే. గంట తప్పేంది?

సైదాబాద్ సరోజ
నాగు, వీళ్లిద్దరూ కొట్టుకునే లోపు మీ ప్రశ్నలో అసలు లోపం చెబుతాను. ఫీజు రీయింబర్స్‌మెంట్ ఒక శాఖలో లేదు. ఎస్సీ అభివృద్ధి, గిరిజన సంక్షేమం, బీసీ సంక్షేమం (ఈబీసీలు ఇందులోనే), మైనారిటీ సంక్షేమం, ఎవరి పద్దు వారిదే. ప్రశ్న ఒక మంత్రికి వెళితే ఆ శాఖ ముక్కే వస్తుంది. మరుసటి రోజు పత్రికలో "బకాయిలు ఇంతే" అని ఆ ముక్కనే మొత్తంగా వేస్తారు. పైగా ఆర్‌టీఎఫ్ వేరు, ఎంటీఎఫ్ వేరు. మొదటిది ట్యూషన్ ఫీజు, రెండోది విద్యార్థి ఖర్చులకిచ్చేది. ఎస్సీ విద్యార్థుల పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్‌లో 2020 డిసెంబర్ నిర్ణయం తర్వాత కేంద్రం 60, రాష్ట్రం 40 వంతు, కేంద్రం వాటా నేరుగా విద్యార్థి ఖాతాకే. ఇవన్నీ కలిపి "బకాయి" అంటే మంత్రి తనకు నచ్చిన అర్థం తీసుకుంటాడు, తప్పు పట్టలేం.

అప్పుల విషయంలోనూ ఇదే జరుగుతుంది. "రాష్ట్ర అప్పు ఎంత" అని అడిగితే బడ్జెట్ లెక్కల్లోని అప్పు చెబుతారు. కార్పొరేషన్ల పేరిట గ్యారంటీ ఇచ్చి తెచ్చింది అందులో ఉండదు. 2023 డిసెంబర్ 20న శ్వేతపత్రంలో అన్నీ కలిపి 6,71,757 కోట్లు అని పెట్టారు, దానికి పోటీగా బీఆర్‌ఎస్ స్వేదపత్రం తెచ్చింది. గొడవంతా ఏది కలపాలి, ఏది కలపకూడదు అన్న దాని మీదే. కాబట్టి "గ్యారంటీతో కలిపి, గ్యారంటీ లేకుండా, ఏ కార్పొరేషన్ ఎంత" అని అడగాలి.

రూలుబుక్
కోర్టులో ఉన్న విషయమైతే ప్రశ్న తిరస్కరిస్తారు. కమిటీ ముందున్నదీ మామూలుగా ఒప్పుకోరు. కాలేజీ యాజమాన్యాలు ఈ బకాయిల మీద కోర్టుకి వెళ్లి ఉంటే చూసుకోండి. ఇంకోటి, అందరికీ దొరికే ప్రచురణల్లో ఉన్న సమాచారం అడగకూడదు. బడ్జెట్ కేటాయింపు అంకె బడ్జెట్ పుస్తకంలోనే ఉంటుంది కనుక ఆ ముక్క కొట్టేస్తారు.

నాంపల్లి నాగు
మరి ఆర్‌టీఐ వేస్తే? 30 రోజుల్లో వస్తుందిగా, పది రూపాయలతో.

రూలుబుక్
ఆర్‌టీఐ చట్టం 8(1)లో ఒక మంచి వాక్యం ఉండేది, "శాసనసభకు నిరాకరించలేని సమాచారాన్ని ఏ వ్యక్తికీ నిరాకరించరాదు" అని. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం అందులోని (జె) క్లాజును (వ్యక్తిగత సమాచారం గురించినది) మార్చినప్పుడు అది కూడా కొట్టుకుపోయింది. టోకెన్ల జాబితా కాలేజీ పేర్లతో సహా కావాలంటే సభ్యుడికున్నంత పట్టు మీకు లేదు.

పద్దుల పంతులు
సరే, అసలు మాట అనాల్సిందే. నా కోపం గంట మీద కాదు, ఆ గంటలో జరిగే దాని మీద. అనుబంధ ప్రశ్న అని లేచి "ఈ సందర్భంగా మా నియోజకవర్గంలో ఒక డిగ్రీ కాలేజీ, రెండు బ్రిడ్జిలు మంజూరు చేయాలని మంత్రివర్యులను కోరుతున్నాను" అంటారు. అది ప్రశ్నా, అర్జీనా? మంత్రి నవ్వి "పరిశీలిస్తాం" అని కూర్చుంటాడు. రేపు ఆ బ్రిడ్జి ఫైలు మీద అదే మంత్రి సంతకం కావాలి. ఆయన్ని ఇవాళ టోకెన్ల మీద నిలదీసే మనిషి ఎవడు? అధికార పక్షం వాడు లేచి "మంత్రి గారు చేసిన కృషి ఏమిటో సభకు తెలియజేస్తారా" అంటాడు. దీనికి రోజూ ఒక గంట! 2025-26 బడ్జెట్ 3,04,965 కోట్లు. ఆ పద్దులు చివరికి ఎన్ని నిమిషాలకొకటి ఆమోదం పొందుతున్నాయో సభ జరిగిన రోజు గడియారం పట్టుకుని చూడండి.

మైకు మల్లన్న
ఇగ బయటపడ్డది. నీ లెక్కల ఎమ్మెల్యే అంటే ఆడిటర్. ఓటేసినోడు మేజర్ హెడ్ 2202 (బడ్జెట్ల చదువుల పద్దు నంబరు) గురించి అడుగుతడా, బ్రిడ్జి గురించి అడుగుతడా? ఆ బ్రిడ్జి అడగనీకే పంపిండు ఆయన్ని. నువ్వు ఏసీ గదిల కూసోని వినియోగ లెక్కలు చదివేటోళ్లకు సభ అప్పజెప్పాలంటున్నవ్. కమిటీ గదికి మైకు లేదు, కెమెరా లేదు. ఆడ ఏం అడిగిన్రో ఊరికి తెల్వది.

పద్దుల పంతులు
మాట మర్యాదగా రానీ మల్లన్నా. బ్రిడ్జి అడగొద్దనలేదు. జీరో అవర్‌లో అడగమను. ప్రత్యేక ప్రస్తావన ఉంది, పిటిషన్ల కమిటీ ఉంది. లెక్క అడిగే ఒకే ఒక్క గంటని కూడా అర్జీల పెట్టె చేస్తే లెక్క ఇంకెక్కడ అడగాలి?

మైకు మల్లన్న
అంటే గంట ఉండాలన్నట్టేగా! పొద్దుగాల్ల నుంచి ఎత్తెయ్యాలంటివి.

పద్దుల పంతులు
ఇలాగే ఉండేట్టయితే ఎత్తేయాలి అంటున్నా.

సైదాబాద్ సరోజ
ఎత్తేస్తే ఎలా ఉంటుందో 2020 సెప్టెంబర్‌లో చూశాం. కోవిడ్ పేరుతో పార్లమెంటులో ప్రశ్నోత్తరాల గంట తీసేసి రాతపూర్వక జవాబులు మాత్రం ఉంచారు. పంతులు గారు అడిగేది సరిగ్గా అదే. ఆ సమావేశాల్లో వలస కార్మికుల మరణాల మీద ప్రశ్నకు "అలాంటి డేటా నిర్వహించడం లేదు" అని కాగితం మీద వచ్చింది. ఎందుకు నిర్వహించలేదు అని తిరిగి అడిగే చోటు ఆ కాగితానికి లేదు.

పద్దుల పంతులు
అది ఒక్క సందర్భం.

కాలనీ కన్నయ్య
నాలా సంగతి ఎవరైనా చెప్తారా

నాంపల్లి నాగు
అందరికీ దండాలు. సరిచేసిన ముసాయిదా:
"(అ) గత మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఆర్‌టీఎఫ్, ఎంటీఎఫ్ కింద ఎస్సీ, ఎస్టీ, బీసీ, ఈబీసీ, మైనారిటీ విద్యార్థులకు విడివిడిగా జారీ అయిన బీఆర్‌వోల మొత్తం, (ఆ) వాటిలో టోకెన్ పడి చెల్లింపు కానివి ఎన్ని, ఎంత మొత్తం, అత్యంత పాత టోకెన్ తేదీ, (ఇ) పీడీ ఖాతాలకు మళ్లించిన మొత్తం ఉంటే ఎంత, (ఈ) బకాయి ఏ తేదీలోగా చెల్లిస్తారు?" ఇదే ముక్క నాలుగు శాఖలకు నలుగురు సభ్యులతో వేయిస్తాం.

పద్దుల పంతులు
(ఆ)లోని "అత్యంత పాత టోకెన్ తేదీ" బాగుంది. అది చెబితే మిగతాదంతా చెప్పినట్టే. (ఈ) తీసేయండి, "త్వరలో" అని వస్తుంది.

మైకు మల్లన్న
(ఈ) తియ్యకు నాగూ. "త్వరలో" అననియ్యి, "పరిశీలనలో ఉంది" అననియ్యి, "సమాచారం సేకరిస్తున్నం" అననియ్యి. అవన్నీ హామీల కమిటీ లెక్కల ఎక్కే మాటలే. పార్లమెంటుల అయితే మూడు నెలల్ల నెరవేర్చాలె, లేకుంటే గడువు పొడిగించమని శాఖ కమిటీని అడుక్కోవాలె. ఆ నోటి మాటకే గంట కావాల్నంటున్న నేను.

పద్దుల పంతులు
హామీల కమిటీ కూడా కమిటీయే మల్లన్నా.

రూలుబుక్
లోక్‌సభలో ప్రశ్న 150 పదాలు దాటకూడదు. మీది ఆ లోపే ఉంది. ఇక్కడి నిబంధన కూడా శాసనసభ కార్యాలయంలో చూసుకుని పంపండి. ఇంకోటి, నలుగురూ మక్కీకి మక్కీ ఒకే మాటలతో వేస్తే ఒకటిగా కలిపేసి నలుగురి పేర్లూ ఒకే ప్రశ్న మీద వేసే ప్రమాదం ఉంది. శాఖ పేరు మొదటి వాక్యంలోనే రావాలి.

నాంపల్లి నాగు
మార్చి పెడతా.