అప్‌డేట్: మండపం స్పీకర్లకు చివరికి ఏ కనెక్టర్ పెట్టామంటే

విశాఖ పెదవాల్తేరులో మా రామాలయం మండపం స్పీకర్లు మధ్యమధ్యలో గరగరమంటున్నాయి, వైర్ల కొసన ఉన్న 6.35 మి.మీ. జాక్‌లు (గుచ్చే పిన్నులు) తీసేసి ఏం పెట్టాలి అని ఇంతకుముందు ఇక్కడ అడిగాను కదా. జవాబిచ్చిన అందరికీ చాలా థాంక్స్. విప్పి చూస్తే జాక్‌లు ఉప్పుగాలికి నల్లబడిపోయి ఉన్నాయి.

స్పీకర్ లైన్లన్నీ స్పీకాన్‌కి మార్పించాం. న్యూట్రిక్ కంపెనీ 1987లో తెచ్చిన ఈ కనెక్టర్ పెట్టి తిప్పితే లాక్ అవుతుంది, ఎవరి కాలికైనా వైరు తగిలినా ఊడిరాదు. అంతకన్నా ముఖ్యమైనది భద్రత. యాంప్లిఫయర్ ఆన్‌లో ఉండగా జాక్ లాగితే సాకెట్‌లో అవుట్‌పుట్ షార్ట్ అయ్యే ప్రమాదం ఉంది. స్పీకాన్ కాంటాక్టులు లోపలికి ఉంటాయి, చేతికి తగలవు. మైక్ కేబుల్ పొరపాటున స్పీకర్‌కి పెడదామన్నా పట్టదు.

నాలుగు కాంటాక్టులది తీసుకున్నాం. వాటి పేర్లు 1+, 1−, 2+, 2−. మామూలుగా 1+, 1− చాలు. బ్రిడ్జ్ మోడ్‌లో (రెండు ఛానెళ్లు కలిపి ఒకటిగా వాడేటప్పుడు) చాలా యాంప్లిఫయర్లు 1+, 2+ వాడతాయి కాబట్టి వెనక ప్యానెల్ మీద రాసింది చూసే కలపండి. వైరు 2.5 చదరపు మి.మీ. రాగిది.

స్క్రూ కింద పెట్టే వైరు కొసలకు సోల్డర్ (టంకం) వేయొద్దన్న సలహా ఎంతో మేలు చేసింది. సోల్డర్ ఒత్తిడికి నెమ్మదిగా అణిగిపోయి స్క్రూ వదులవుతుందట. మా ఎలక్ట్రీషియన్ వేయబోతుంటే ఆపాను.

పాత యాంప్లిఫయర్‌కి బైండింగ్ పోస్టులే (వైరు బిగించే మరల టెర్మినళ్లు) ఉన్నాయి, అటువైపు వాటిలోకి గుచ్చే బనానా ప్లగ్‌లు పెట్టాం. గరగర పూర్తిగా పోయింది. మైక్ లైన్ల ఎక్స్‌ఎల్‌ఆర్ కనెక్టర్లు (మైక్‌లకు వాడే మూడు పిన్నులవి) దసరాలోపు మార్పిస్తాం.