ఐస్‌లాండిక్ షీప్‌డాగ్: డాలస్ ఎండకి, టౌన్‌హోమ్‌కి సరిపోతుందా?

ఇర్వింగ్_నాన్న:
ఇర్వింగ్‌లో టౌన్‌హోమ్, ఒకపక్క గోడ పక్కింటివాళ్ళతో కలిసే ఉంటుంది. పెరడు 12 అడుగులకి 20. మా ఆవిడది ఇంటినుంచే ఉద్యోగం, నేను వారానికి 3 రోజులు ఆఫీసుకి. పాపకి 7, బాబుకి 3. అక్టోబరులో అమ్మానాన్నలు వచ్చి ఆరు నెలలుంటారు. పాప ఎక్కడో ఐస్‌లాండిక్ షీప్‌డాగ్ ఫొటో చూసి చెవినిల్లు కట్టుకుని పోరుతోంది. పిల్లలతో బాగుంటుందనీ, మరీ పెద్దది కాదనీ చదివాను. బొచ్చు చూస్తే జూలైలో ఏమైపోతుందో అని భయం. పొట్టి బొచ్చు రకం తీసుకుంటే ఎండకి మేలా? ఇంకేం చూసుకోవాలి?

తోకవంకర:
ఎండ సంగతి తర్వాత, ముందు మొరుగుడు సంగతి తేల్చుకోండి. వ్యాయామం ఈ జాతికి పెద్ద సమస్య కాదు. పెద్దయ్యాక రెండు పూటలా కలిపి 45 నిమిషాల నుంచి గంట నడక, ఓ పది నిమిషాలు బుర్రకి పని ఉంటే చాలు. మొరుగుడు మాత్రం దాని వృత్తి. బోర్డర్ కోలీ వంగి, చూపుతో గొర్రెని అదుపు చేస్తుంది. ఇది నిటారుగా నిలబడి మొరిగి తోలుతుంది. గొర్రెపిల్లల మీదికి దిగే పక్షుల్ని తరమడం కూడా దీని పనే కాబట్టి ఆకాశం వంక చూసి మరీ మొరుగుతుంది.

మీరేమో ఇర్వింగ్ అంటున్నారు. డీఎఫ్‌డబ్ల్యూ విమానాశ్రయం పక్కనే. ఒక శనివారం పొద్దున పెరట్లో 15 నిమిషాలు కూర్చుని విమానాలు, గద్దలు, గ్రాకిల్ పిట్టలు, అవతలి కుక్కలు అన్నీ కలిపి లెక్కపెట్టండి. శిక్షణ లేని కుక్క అన్నిసార్లు మొరుగుతుందనుకోవాలి. తర్వాత మీ హెచ్ఓఏ (ఇళ్ళ యజమానుల సంఘం) నియమాల్లో శబ్దం గురించి ఏం రాశారో చదవండి. గోడ అవతలివాళ్ళకి రాత్రి డ్యూటీ గానీ, చంటిబిడ్డ గానీ ఉంటే ఈ జాతి వద్దనే అంటాను.

శిక్షణతో మొరుగుడు తగ్గుతుంది, పూర్తిగా పోదు. రెండుసార్లు మొరగనివ్వండి, మామూలు గొంతుతో పేరు పెట్టి పిలవండి, దగ్గరికి రాగానే బఠాణీ గింజంత తిండి ముక్క ఇవ్వండి. మొదటి నెలలు రోజుకి 20, 30 సార్లు ఇదే పని. మీరు అరిస్తే మీరూ దానితో కలిసి మొరుగుతున్నారనే అనుకుంటుంది. వీధివైపు కిటికీలకి కింద 3 అడుగుల మేర మసక ఫిల్మ్ అంటించండి. పెరట్లో ఒంటరిగా వదలొద్దు. చాలా ఇళ్ళలో పని చెడేది అక్కడే: తలుపు తీసి బయటికి పంపి, లోపల కాఫీ తాగుతుంటారు. కుక్క పిట్ట మీద మొరుగుతుంది, పిట్ట ఎగిరిపోతుంది, తన మొరుగు పనిచేసిందనుకుంటుంది. అది రోజూ దానికి దొరికే బహుమానం.

మూడేళ్ళ బాబు పరిగెత్తితే వెంటపడి మొరుగుతుంది, పిల్లగా ఉన్నప్పుడు మడమలు కూడా పట్టొచ్చు. కోపం కాదు, తోలడం. అలాంటప్పుడు బాబు చెట్టులా కదలకుండా నిలబడాలి. మూడేళ్ళవాడు నిలబడడు కాబట్టి మీరు పక్కన లేనప్పుడు మధ్యలో బేబీ గేటు ఉండాల్సిందే.

కాపలాకి పనికొస్తుందనుకుంటే మాత్రం మర్చిపోండి. ఎవరొచ్చారో చెబుతుంది, వచ్చినవాడి ఒళ్ళో కూర్చుంటుంది.

హ్యూస్టన్_వెట్‌టెక్:
బొచ్చు ప్రశ్నకి జవాబు: తేడా లేదు. పొట్టి రకానికీ, పొడుగు రకానికీ లోపల దట్టమైన మెత్తటి పొర ఒకటే. ఎండాకాలం గొరిగించాలన్న ఆలోచన అస్సలు వద్దు. పై వెంట్రుకలు ఎండ నేరుగా చర్మానికి తగలకుండా ఆపుతాయి, గొరిగితే కొన్ని కుక్కలకి మళ్ళీ సరిగా రావు కూడా. చేయాల్సింది లోపలి పొరలో చచ్చిన బొచ్చు తీసేయడం. మామూలు రోజుల్లో వారానికి రెండుసార్లు, ఏడాదికి రెండు విడతలు గుత్తులుగా ఊడే మూడు నాలుగు వారాలు రోజూ. పైపైన బ్రష్ లాగితే లాభం లేదు. ఒక చేత్తో బొచ్చు పైకెత్తి, పాపిడి తీసినట్టు చర్మం కనబడేలా పాయ పాయగా దువ్వాలి. చెవుల వెనక, తొడల వెనక ఉండకట్టేస్తుంది. ఎలర్జీ ఉన్నవాళ్ళకి ఇది కుదిరే జాతి కాదు.

డాలస్‌లో జూన్ నుంచి సెప్టెంబరు దాకా నడక తెల్లవారుజామునే. సాయంత్రం 8:30కి పొద్దుగూకినా తారు ఇంకా కాలుతూనే ఉంటుంది. మీ చెయ్యి వెనకవైపు నేలకి ఆనించి 7 సెకన్లు ఉంచలేకపోతే దాని పాదాలకీ అంతే. మధ్యాహ్నం మల, మూత్రాలకి 5 నిమిషాలు, నీడలో. మిగతా రోజంతా ఏసీలోనే. ఎండదెబ్బ గుర్తులు: ఆగని వగర్పు, చిక్కటి చొంగ, ఇటుక రంగు చిగుళ్ళు, తూలడం. అప్పుడు వెంటనే చల్లటి కుళాయి నీళ్ళతో చర్మం దాకా తడిపి ఫ్యాన్ కింద పెట్టండి, ఆస్పత్రికి ఫోన్ చేస్తూనే. పైన బొచ్చు తడిస్తే సరిపోదు, ఈ జాతిలో నీళ్ళు లోపలికి దిగడానికే టైం పడుతుంది. తడి తువ్వాలు కప్పి వదిలేయకండి, వేడి లోపలే ఉండిపోతుంది. ఒంటి వేడి 103.5 డిగ్రీల ఫారెన్‌హీట్‌కి దిగాక తడపడం ఆపి కారెక్కించండి.

ఇంకో చిన్న విషయం, చాలామంది మర్చిపోతారు. వీటిలో చాలావాటికి వెనక కాళ్ళకి నేలకి ఆనని అదనపు వేళ్ళు రెండేసి ఉంటాయి. ఆ గోళ్ళు అరగవు. రెండు మూడు వారాలకోసారి కత్తిరించకపోతే గుండ్రంగా పెరిగి చర్మంలోకి దిగుతాయి. పిల్ల వచ్చిన వారం నుంచే రోజుకో గోరు చొప్పున అలవాటు చేయండి. గుండె పురుగు మందు టెక్సస్‌లో 12 నెలలూ ఇవ్వాలి, చలికాలం అని ఆపొద్దు.

ఇర్వింగ్_నాన్న:
మొరుగుడు గురించి ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. గోడ అవతల ఉన్నది రిటైరైన జంట, ముందు వాళ్ళతో మాట్లాడతాను. ఇంకో రెండు. ఇంట్లో మాంసం వండం, అమ్మ పూజగది దగ్గర పట్టింపుగా ఉంటుంది. పైగా రెండేళ్ళకోసారి డిసెంబరులో ఇండియా, 5 వారాలు. వచ్చే ఏడాది ఉంది.

పెరుగన్నం:
శాకాహారం మీకే, దానికి కాదు. పెరుగన్నం, పప్పన్నంతో పిల్ల పెరగదు. మాంసకృత్తులూ తక్కువే, కాల్షియం, ఫాస్ఫరస్ లెక్క కూడా తప్పి ఎముకలు దెబ్బతింటాయి. సంచి మీద ఆఫ్కో (అమెరికాలో పశువుల తిండికి ప్రమాణాలు పెట్టే సంఘం) ప్రమాణం ప్రకారం ఎదిగే కుక్కపిల్లలకి సరిపోతుందని రాసి ఉన్న పొడి తిండి కొనండి. వంటింటి బయట దాని గిన్నె, కొలత కప్పు, స్పాంజి వేరుగా పెడితే అమ్మగారికీ ఇబ్బంది ఉండదు. సంచి గ్యారేజీలో పెట్టొద్దు, వేసవిలో కొవ్వు చెడి వాసన కొడుతుంది.

అసలు ప్రమాదం పూజగదిలోనే. కర్పూరం బిళ్ళ మింగితే మూర్ఛ రావచ్చు. ప్రసాదంలో కిస్మిస్, ద్రాక్ష కిడ్నీలకి విషం, ఎంత తింటే ప్రమాదమో చెప్పలేం కాబట్టి ఒక్కటి కూడా వద్దు. ఉల్లి, వెల్లుల్లి ఉన్న సాంబారు, కూర రక్తకణాల్ని పగలగొడతాయి, వండినా అంతే. పెద్దవాళ్ళు ప్రేమతో కంచంలోది ఒక ముద్ద పెడతారు, ఆపడం కష్టం. అందుకని అమ్మగారికి రోజూ ఓ చిన్న డబ్బాలో దాని తిండి ముక్కలు లెక్కపెట్టి ఇచ్చేయండి, ఆవిడ పెట్టేది అందులోంచే. ఎగిరి మీద పడే అలవాటుంది వీటికి. 12, 14 కిలోల కుక్క మెట్ల దగ్గర కాళ్ళకి అడ్డంపడితే పెద్దవాళ్ళకి తుంటి విరుగుతుంది. మెట్లకి పైనా కిందా గేటు, నాలుగు కాళ్ళూ నేల మీద ఉన్నప్పుడే పలకరింపు.

ఇండియాకి తీసుకెళ్ళొద్దు. మన దేశం సీడీసీ (అమెరికా రోగ నియంత్రణ సంస్థ) రేబిస్ హై రిస్క్ జాబితాలో ఉంది. 2024 ఆగస్టు 1 నుంచి వచ్చిన నియమాల ప్రకారం తిరిగి రావాలంటే మైక్రోచిప్, అమెరికాలో వేసిన టీకా, బయల్దేరకముందే యూఎస్‌డీఏ (అమెరికా వ్యవసాయ శాఖ) ఆమోదించిన ఫారం ఉండాలి, వయసు 6 నెలలు దాటాలి. ఆ ఫారం మర్చిపోతే రక్తపరీక్షలూ, రిజర్వేషన్లూ వేరే నరకం. ఎవరింట్లోనైనా ఉంచే ఏర్పాటు వేసవిలోనే చూసుకోండి. మనిషిని అంటిపెట్టుకుని ఉండే జాతి కాబట్టి బోనుల వరసలున్న చోటు కన్నా ఇల్లు మేలు. ముందు ఒక రాత్రి, తర్వాత మూడు రాత్రులు ఉంచి చూడండి.

తోకవంకర:
పిల్లని ఎప్పుడు తెస్తారన్నది కూడా చూసుకోండి. మేలో తెస్తే 8 వారాల పిల్లకి బయటి ప్రపంచం చూపించాల్సిన వారాలన్నీ ఎండలో పోతాయి. జనవరి, ఫిబ్రవరి మేలు. అమ్మానాన్నలు కూడా ఉంటారు. రెండు నెలల పిల్ల పగలు మూడు గంటలకి మించి ఆపుకోలేదు, ఆ వయసులో ఇల్లు ఖాళీ లేకపోవడం వరం. ఇంటినుంచి పనంటే మీటింగుల మధ్యలో రెండు గంటలకోసారి బయటికి తీసుకెళ్ళడం, అది మీ ఆవిడ ఒప్పుకున్నారో లేదో అడగండి. పాప అడిగింది, చేసేది ఆవిడ.

దొరకడం తేలిక కాదు. 19వ శతాబ్దంలో డిస్టెంపర్ లాంటి జబ్బులకి చాలా కుక్కలు చచ్చాక, 1901లో ఐస్‌లాండ్‌కి బయటి కుక్కల్ని తేవడం ఆపారు, అయినా 20వ శతాబ్దం మధ్యకి జాతి పోయేంత పనైంది. రేక్యావిక్ నగరంలోనైతే బద్దెపురుగు భయంతో 1924లో కుక్కల్ని నిషేధించి 1984లో గానీ సడలించలేదు. జాతిని నిలబెట్టడానికి అక్కడ క్లబ్ పెట్టింది 1969లో, ఏకేసీ (అమెరికన్ కెన్నెల్ క్లబ్) గుర్తింపు వచ్చింది 2010లో. ఇప్పుడున్నవన్నీ కొద్ది కుక్కల సంతానమే కాబట్టి జత కట్టించే ముందు రక్తసంబంధం శాతం ఎంతో లెక్క చూశారా అని పెంపకందారుని అడగండి. "లైన్ మంచిది" అంటే జవాబు కాదు.

తల్లిదండ్రుల రిజిస్టర్డ్ పేర్లు తీసుకుని ఓఎఫ్ఏ (కుక్కల ఆరోగ్య పరీక్షల ఫలితాలు నమోదు చేసే సంస్థ) వెబ్‌సైటులో మీరే వెతకండి. తుంటి ఎక్స్‌రే తుది ఫలితం 24 నెలలు నిండాకే ఇస్తారు, అంతకన్నా చిన్న తల్లికి "ఎక్సలెంట్ వచ్చింది" అంటే నమ్మొద్దు. కంటి పరీక్ష ఏడాదిలోపుదై ఉండాలి, కంటికి రాసుకునే అదనపు రెప్ప వెంట్రుకలు, శుక్లాలు ఈ జాతిలో చూసుకోవాల్సినవి. పెంపకందారుల జాబితా ఐస్‌లాండిక్ షీప్‌డాగ్ అసోసియేషన్ ఆఫ్ అమెరికా దగ్గర ఉంటుంది. అడగగానే రెండు వారాల్లో పిల్ల ఇస్తానన్నవాడిని వదిలేయండి.

జాబితాలో పేరు రాయించే ముందు ఆ ఇంటికి నలుగురూ వెళ్ళి రెండు గంటలు ఉండండి, కుక్కపిల్లల దగ్గర కాదు, 2 ఏళ్ళు దాటిన కుక్కల దగ్గర. వీధిలో ఎవరో వెళ్ళినప్పుడు ఇంట్లో నిలబడి వినండి. మొరుగు ఫోనులో రికార్డు చేసి తెచ్చుకుని, మీ హాల్లో టీవీ శబ్దమంత గట్టిగా పెట్టి, పక్కింటి పెద్దాయన్ని వాళ్ళ గదిలోంచి వినమనండి.

ఇర్వింగ్_నాన్న:
ఈ ఆదివారమే అడుగుతాను. ఆయన వద్దంటే?

తోకవంకర:
వద్దంటే ఇంకో జాతి చూడండి. స్వీడిష్ వాల్‌హుండ్ వైపు మాత్రం వెళ్ళకండి, అదీ ఇంతే మొరుగుతుంది.